13 ఆటల్లో 386 పాయింట్లు: జెర్రీ జోన్స్ గారికి ఫ్రిస్కో నుంచి ఒక బహిరంగ లేఖ

డిసెంబర్ 10, 2025

జెర్రీ జోన్స్ గారికి,

నమస్కారమండీ. మీకు తెలుగు రాదని తెలుసు, ఈ ఉత్తరం మీ దాకా చేరదనీ తెలుసు. అయినా డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి యజమాని మీరు, మీ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న ‘స్టార్’కి పావుగంట దూరంలో ఉంటాం మేము. మా వీధిలో సంక్రాంతికి గుమ్మం ముందు ముగ్గేసే ఇళ్లే ఆదివారం వస్తే కౌబాయ్స్ జెండా కూడా కడతాయి. కాబట్టి పక్కింటాయన గేటు దగ్గర నిలబడి నాలుగు మాటలు అన్నాడనుకోండి. పైగా నేను రాసేది మీకే అయినా చదివేది మావాళ్లు, డల్లాస్ చుట్టుపక్కల ఉన్న వేలాది తెలుగువాళ్లు, మీ టీమ్ వల్ల సోమవారం పొద్దున ఆఫీసులో మొహం వేలాడేసుకుని కూర్చునేవాళ్లు. వాళ్లయినా అవునంటారో కాదంటారో చూద్దామని.

విషయం డిఫెన్స్, అంటే అవతలివాళ్లని పాయింట్లు వేయనివ్వకుండా ఆపాల్సినవాళ్లు. ఇంకేముంటుంది చెప్పండి ఈ సంవత్సరం.

పోయిన గురువారం డెట్రాయిట్‌లో 44 పాయింట్లు ఇచ్చి ఓడొచ్చారు. ఆ రాత్రి పడుకోబోయే ముందు ఒక కాగితం మీద ఇప్పటిదాకా జరిగిన 13 ఆటల స్కోర్లు వరసగా రాసి కూడాను (నేను లెక్కల మాస్టారి కొడుకుని, కోపం వస్తే కూడికలు చేస్తాను). మనం వేసినవి 381. వాళ్లకి ఇచ్చినవి 386. రెండోసారి కూడినా అంతే వచ్చింది. ఆటకి 29 పైన వేసే టీమ్ ఆరు గెలిచి, ఆరు ఓడి, ఒకటి డ్రా చేసుకుని కూర్చుందంటే ఆ తప్పు మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ ప్రెస్కాట్‌ది కాదు, ఆ బంతి పట్టుకునే లాంబ్‌ది కాదు, పికెన్స్‌ది కాదు. కొళాయి ధారగానే వస్తోంది, బిందెకే చిల్లు.

మీ టీమ్ చరిత్రలో ఒక సీజన్‌లో ఎక్కువ పాయింట్లు ఇచ్చింది 2020లో, 473. అప్పుడు ఆటలు 16 అనుకోండి, ఇప్పుడు 17, అయినా రికార్డు రికార్డే. మిగిలిన నాలుగు ఆటల్లో ఇంకో 88 ఇస్తే ఆ రికార్డు పోతుంది, అంటే ఆటకి 22 చొప్పున చాలు. ఇప్పటిదాకా 22 కంటే తక్కువ ఇచ్చిన ఆటలు నా కాగితం మీద రెండే ఉన్నాయి. ఇక మీరే చూసుకోండి.

ఊళ్లో ఉన్న మా బావమరిదికి ఈ ఆట నేర్పాలని మూడేళ్ల నుంచి ప్రయత్నిస్తున్నాను. ‘కాలితో తన్నని ఫుట్‌బాల్ ఏంటి బావా’ అన్నది వాడి మొదటి ప్రశ్న, దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కానీ గజాల లెక్క మాత్రం వెంటనే పట్టుకున్నాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, అంతే ఆట. హైదరాబాద్‌లో ప్లాటు కొన్నవాడికి గజం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. డిఫెన్స్ అంటే ఏమిటో కబడ్డీతో చెప్పాను. రైడర్ కూతకి వచ్చినప్పుడు ఒకడు కాలు పడతాడు, మిగతావాళ్లు అదే క్షణంలో మూసేస్తారు. పట్టేవాడు పట్టకపోతే మూసేవాళ్లు ఎంతసేపని నిలబడతారు? మూసేవాళ్లు ఆలస్యమైతే పట్టినవాడు ఒక్కడూ ఏం చేస్తాడు? ఇక్కడా అంతే. ముందు నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకాలి, వెనక ఏడుగురు దారులు మూయాలి. ఈ రెండూ ఒకే పని, వేరువేరుగా కొనుక్కునే సరుకులు కావు. జెర్రీ గారూ, మా బావమరిదికి ఫోన్‌లో పది నిమిషాల్లో అర్థమైన ఈ సంగతి మీకు తెలియదని నేననను. 1989లో 14 కోట్ల డాలర్లకి కొన్న టీమ్ విలువ ఈ ఆగస్టులో ఫోర్బ్స్ లెక్క ప్రకారం 1300 కోట్ల డాలర్లు, అలాంటి మనిషికి తెలియనివి తక్కువ. తెలిసీ చేశారన్నదే నా బాధ.

మైకా పార్సన్స్ సంగతి ఎత్తకుండా ఈ ఉత్తరం రాద్దామనే మొదలుపెట్టాను. కుదరలేదు.

నాలుగు సీజన్లలో 52.5 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి పడేయడం), ఒక్క ఏడాది కూడా 12కి తగ్గలేదు. అలాంటి కుర్రాడితో కాంట్రాక్టు గొడవ నెలల తరబడి సాగదీసి, సీజన్ మొదలవడానికి సరిగ్గా వారం ముందు, ఆగస్టు 28న, గ్రీన్ బే టీమ్‌కి పంపేశారు. వచ్చింది రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి వరస అవకాశాలు), ముందు వరస మధ్యలో ఆడే కెన్నీ క్లార్క్. వాళ్లు అతనికి నాలుగేళ్లకి 18.8 కోట్ల డాలర్లు ఇచ్చారు. డబ్బు మీది, నిర్ణయం మీది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ రోజు మీరు చెప్పిన కారణం గుర్తుందా, మధ్యలోంచి పరుగు ఆపాలి, అందుకే ఇది అని. సరే. అక్టోబర్‌లో కరోలినా వెళ్లాం. అక్కడ మనమీద 183 గజాలు పరుగెత్తింది ఎవరు? రికో డౌడల్. కిందటేడు మన నీలం గీతల చొక్కా వేసుకుని వెయ్యి గజాలు దాటించినవాడు, మీరు వద్దనుకుంటే వెళ్లినవాడు. ఆట ముందే సీటుబెల్టులు పెట్టుకోండని చెప్పి మరీ పరుగెత్తాడు. ఆ రోజు 30-27తో ఓడాం. పార్సన్స్‌ని పంపింది పరుగు ఆపడానికైతే, ఆ పరుగు మన ఇంటి పిల్లాడే తీసి చూపించాడు.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. పార్సన్స్ 11 నంబర్ జెర్సీ వాడి పుట్టినరోజుకి నేనే కొన్నాను, ఇక్కడి చాలా ఇళ్లలో ఉన్నట్టే. సెప్టెంబర్ 28న గ్రీన్ బే వచ్చినప్పుడు అది వేసుకోవాలా వద్దా అని పొద్దున్నుంచి తేల్చుకోలేక, చివరికి దాని మీద స్వెటర్ వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. 40-40. అదనపు సమయం ఆడినా తేలలేదు. మనం గోల్ లైన్ దగ్గరికి వెళ్లినప్పుడు డాక్‌ని పట్టి టచ్‌డౌన్ (బంతిని ఆఖరి గీత దాటించడం) కాకుండా ఫీల్డ్ గోల్‌తో (తన్ని తెచ్చుకునే తక్కువ పాయింట్లతో) సరిపెట్టించింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు, మీరు పైన అద్దాల గదిలోంచి చూశారు. మావాడు అప్పుడు అరిచాడు. సంతోషంతోనో బాధతోనో వాడికీ తెలియదు.

అయితే, పార్సన్స్ వెళ్లాడు కాబట్టే డిఫెన్స్ కూలిందనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. అతను ఉండగానే కిందటేడు 468 ఇచ్చారు. నాలుగు ఆటలు గాయంతో ఆడలేదనుకోండి, అయినా అతను ఆడిన సెప్టెంబర్ 15న కూడా మీ స్టేడియంలోనే న్యూ ఓర్లీన్స్ 44-19తో కొట్టి వెళ్లింది. ఒక్క మనిషి ఉంటే గెలుపు, పోతే ఓటమి అంత తేలిక కాదు ఈ ఆట. నా ఫిర్యాదు వేరే.

ఎబర్‌ఫ్లూస్ గారిని కోఆర్డినేటర్‌గా, అంటే డిఫెన్స్‌ని నడిపే కోచ్‌గా, తెచ్చుకున్నది జనవరిలో. ఆయన పద్ధతేమిటో అప్పటికే అందరికీ తెలుసు, ఇండియానాపొలిస్‌లో నాలుగేళ్లు, షికాగోలో హెడ్ కోచ్‌గా, అంతకుముందు మన దగ్గరే లైన్‌బ్యాకర్ల కోచ్‌గా ఏడేళ్లు. ఆయన ఎక్కువగా ఆడించేది జోన్. నలుగురే ముందుకి వెళ్తారు, ఏడుగురు వెనక తలా కొంత నేల పంచుకుని, కళ్లు క్వార్టర్‌బ్యాక్ మీద పెట్టి, బంతి గాల్లోకి లేవగానే దాని మీదకి కమ్ముకుంటారు. చెడ్డ పద్ధతి ఏమీ కాదు. ఈ పద్ధతితో మంచి డిఫెన్స్‌లు నడిపాడు ఆయన. కానీ దానికి రెండు షరతులు. ఒకటి, ఆ నలుగురు ఎవరి సాయం లేకుండా రెండున్నర, మూడు సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ దాకా వెళ్లగలగాలి. నాలుగు సెకన్లు నిలబడనిస్తే ఏ జోన్ అయినా కారుతుంది, ఎందుకంటే నేలని కాపలా కాసేవాడికి తన వెనకనుంచి ఎవడు జారిపోతున్నాడో కనపడదు. రెండు, మధ్యలో లైన్‌బ్యాకర్లు, వాళ్ల వెనక సేఫ్టీలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, వచ్చిన రిసీవర్‌ని (బంతి పట్టుకునేవాణ్ణి) చేతులు మార్చుకుంటూ అప్పగించుకోవాలి. అది నెలల సాధన.

మీరేం చేశారు? జనవరిలో నలుగురి రష్ మీద బతికే పద్ధతిని కొన్నారు, ఆగస్టులో ఆ నలుగురిలో పెద్దవాణ్ణి అమ్మారు. పెళ్లికి పందిరి వేయించి, ముహూర్తానికి వారం ముందు గుంజలు పీకించినట్టు.

కార్నర్ల (అంచుల్లో రిసీవర్లని కాచేవాళ్ల) సంగతీ అంతే. ట్రెవన్ డిగ్స్ 2021లో 11 ఇంటర్‌సెప్షన్లు తీశాడు, అంటే అవతలివాళ్లు విసిరిన బంతి గాల్లోనే లాక్కున్నాడు. డరాన్ బ్లాండ్ 2023లో ఐదుసార్లు బంతి లాక్కుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తాడు, ఒక సీజన్‌లో అన్ని ఎవరూ చేయలేదు. ఇద్దరూ మనిషికి మనిషి అతుక్కుని ఆడుతూ, రిసీవర్ కంటే ముందు దారి కనిపెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు. చెరొకరికి తొమ్మిది కోట్ల డాలర్లకి అటూఇటూ రాసిచ్చింది ఆ తెలివికే. తీరా వాళ్లని ఇదిగో ఈ చదరం నీది, ఇందులోంచి కదలకు అని నిలబెడితే ఏమొస్తుంది. వేటకుక్కని తెచ్చి గొర్రెలు కాయించడమే. డిగ్స్‌కి గాయాలు, బ్లాండ్‌కి సీజన్ మొదట్లో కాలి దెబ్బ, అవీ ఉన్నాయి, కాదనను. కానీ గాయం లేని వారాల్లో కూడా వాళ్లు అయోమయంగానే కనపడ్డారు.

రెండోవారం న్యూయార్క్ జెయింట్స్ ఆట గుర్తుంది కదా. గెలిచాం కాబట్టి అందరం మర్చిపోయాం. రస్సెల్ విల్సన్ ఆ రోజు 450 గజాలు విసిరాడు. 36 ఏళ్ల విల్సన్! ఇంకో అర నిమిషం కూడా లేదనగా 48 గజాల టచ్‌డౌన్ వేయించుకున్నాం, మన కిక్కర్ ఆబ్రీ 64 గజాల నుంచి తన్ని కాపాడాడు కాబట్టి సరిపోయింది. ఆ పై వారం షికాగోలో కేలబ్ విలియమ్స్ నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు, అందులో ఒకటి బంతి వెనక్కి ఇచ్చి మళ్లీ తీసుకుని విసిరే పాత చిట్కా. దానికి మన సేఫ్టీలు మొత్తం ముందుకి పరుగెత్తారు. మా వీధిలో పిల్లలు కూడా దానికి మోసపోరు. డెన్వర్‌లో 44. తర్వాత సోమవారం రాత్రి ఆరిజోనా వాళ్లు, మన స్టేడియంలో, రిజర్వ్ క్వార్టర్‌బ్యాక్ బ్రిసెట్‌తో ఆడించి 27-17తో గెలిచి వెళ్లారు. అక్కడికి తొమ్మిది ఆటలు, 277 పాయింట్లు, ఆటకి 30కి పైనే. వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఏడిపించింది థర్డ్ డౌన్, అంటే మూడో ప్రయత్నం. మొదటి రెండు ప్రయత్నాలూ బాగానే ఆపుతారు, ఇంకో ఎనిమిది గజాలు కావాలి అవతలివాళ్లకి, మేమంతా సోఫా అంచుకి వస్తాం, తొమ్మిది గజాల దగ్గర ఒకడు ఒంటరిగా నిలబడి బంతి పట్టుకుంటాడు. ఒక్కసారి కాదు. మా ఆవిడకి ఆట మీద ఆసక్తి లేదు, వంటింట్లోంచే ‘మళ్లీ అదేనా?’ అని అడిగేది.

నవంబర్ ఆరున మన డిఫెన్స్ కుర్రాడు మార్షాన్ నీలండ్ పోయాడు. 24 ఏళ్లు. మూడు రోజుల ముందే ఆరిజోనా మీద టచ్‌డౌన్ వేసి ఎగిరి గంతేశాడు. ఆ వారం గురించి నేను ఈ లెక్కల మధ్య ఏమీ అనను. అంత దుఃఖం మోసుకుని ఆ కుర్రాళ్లు లాస్ వేగస్ వెళ్లి ఆడి గెలిచారు, ఆ ఒక్కదానికి వాళ్లకి దణ్ణం పెట్టాలి.

మెచ్చుకోవాల్సినదాన్ని మెచ్చుకోకపోతే ఈ ఉత్తరానికి విలువ ఉండదు కాబట్టి ఇదీ చెప్తాను. నవంబర్ నాలుగున న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చారు. వచ్చే ఏడాది సెకండ్ రౌండ్, ఆ పై ఏడాది ఫస్ట్ రౌండ్, పైన మాజీ స్మిత్ (‘మాజీ’ అతని పేరే) అనే ఆటగాడు. ఖరీదైన బేరమే. ఆ రోజు నేనూ తిట్టాను, మా వాట్సాప్ గ్రూప్‌లో నా మెసేజ్ ఇంకా ఉంది. తప్పు నాదే. ఆ మనిషి వచ్చాక ఆట మారిపోయింది. లాస్ వేగస్ టీమ్ రెయిడర్స్ మొత్తం ఆటలో 27 గజాలు పరుగెత్తారు, 183 ఇచ్చుకున్న టీమేనా ఇది అనిపించింది. విలియమ్స్‌ని ఇద్దరు కలిసి ఆపాలి, పక్కన క్లార్క్, ఇటు ఒడిగిజువా, ఎవరిని వదిలేస్తారు? మోకాలి గాయం నుంచి ఓవర్‌షోన్ కూడా అదే ఆటకి తిరిగొచ్చాడు, కొత్త కుర్రాడు రెవెల్ కూడా అప్పుడే దిగాడు. తర్వాత ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద 0-21తో వెనకబడి, ఆ తర్వాత ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా 24-21. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా సామెత, మీ టీమ్‌కి అతికినట్టు సరిపోతుందని ఎప్పుడూ అంటుంటాను. ఆ రోజు మాత్రం ఈగల్స్ మోత మన ఇంట్లోనే ఆగిపోయింది. థాంక్స్‌గివింగ్ నాడు కాన్సస్ సిటీ మీద 31-28, 5 కోట్ల 70 లక్షల మంది చూశారట, లీగ్ సీజన్‌లో అంతమంది ఎప్పుడూ చూడలేదట. మా ఇంట్లో పద్దెనిమిది మందిమి, టర్కీకి బదులు కోడి పలావు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ నాలుగు టచ్‌డౌన్లు విసిరినా ఆఖర్లో బంతి మళ్లీ అతని చేతికి పోకుండా మన ఆఫెన్స్ (బంతితో దాడి చేసేవాళ్లు) గడియారం తినేసింది కాబట్టి గెలిచాం.

చూశారా, అక్కడే ఉంది కిటుకు. మూడు ఆటల్లో 65 పాయింట్లు ఇచ్చి మూడూ గెలిచాం, అందరూ డిఫెన్స్ బాగుపడిందన్నారు. నేనూ అన్నాను. కానీ ఆ 65లో 28 మహోమ్స్‌వి, ఫిలడెల్ఫియా 21 మొదటి సగంలోపే. బాగుపడింది ముందు వరస. వెనక వరస ఎక్కడున్నది అక్కడే. డెట్రాయిట్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ గాఫ్‌కి సమయం దొరికినప్పుడల్లా మధ్యలో అదే ఖాళీ, లైన్‌బ్యాకర్ల వీపు వెనక, సేఫ్టీల కాళ్ల ముందు, పన్నెండు పదిహేను గజాల ఆ మేర. బంతితో పరుగెత్తే గిబ్స్‌కి మూడు టచ్‌డౌన్లు. పరుగుకి పెద్దగా దొరకలేదు అతనికి, అతన్ని పక్కకి పంపి చిన్న పాస్ ఇచ్చి మన లైన్‌బ్యాకర్‌తో పరుగు పందెం పెట్టారు. ఆ పందెం ఎవరు గెలుస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, పాపం ఆ లైన్‌బ్యాకర్‌కి కూడా తెలుసు.

నా అంచనా ఇదీ, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా: ముందు నలుగురిలో మధ్య ఇద్దరు ఇప్పుడు ఈ లీగ్‌లో ఎవరికీ తీసిపోరు. అంచుల్లో, అంటే పార్సన్స్ ఉండాల్సిన చోట, క్లౌనీ, ఫౌలర్ పెద్ద వయసు వాళ్లు, ఎజిరుయాకు మంచి కుర్రాడు, సమయం కావాలి. లైన్‌బ్యాకర్లలో ఓవర్‌షోన్ ఒక్కడికే వేగం ఉంది, అతనికి రెండు మోకాళ్లూ ఆపరేషన్లు అయినవే. సేఫ్టీలు ఈ టీమ్‌లో అన్నిటికంటే పెద్ద చిల్లు. కార్నర్లలో బ్లాండ్, రెవెల్‌తో ముందుకి వెళ్లొచ్చు, వాళ్లకి అలవాటైన ఆట ఆడనిస్తే.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. జనవరిలో మీరు ఎబర్‌ఫ్లూస్ గారిని పంపించేస్తారని ఊరంతా అనుకుంటోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మీకు కొత్త కాదు. 2020లో నోలన్, ఒక్క ఏడాది. క్విన్ మూడేళ్లు, ఆయన హయాంలో 2021లో 34సార్లు, 2022లో 33సార్లు బంతి లాక్కున్నారు, రెండేళ్లూ లీగ్‌లో మొదటి స్థానం (అదే క్విన్ ఆఖరి ఆటలో మన స్టేడియంలోనే గ్రీన్ బే 48 వేసింది, ఆయన్నీ దేవుడనను). ఆయన వెళ్లాక జిమ్మర్, ఒక్క ఏడాది. ఇప్పుడు ఎబర్‌ఫ్లూస్. ఆరేళ్లలో నలుగురు. ఒకరు మనిషికి మనిషి అంటారు, ఇంకొకరు మధ్యలోకి బ్లిట్జ్ (నలుగురితో పాటు ఇంకొందరిని క్వార్టర్‌బ్యాక్ మీదకి) పంపుతానంటారు, మరొకరు జోన్ అంటారు. 22 ఏళ్లకి వచ్చిన కుర్రాడు 25 వచ్చేసరికి మూడు భాషలు నేర్చుకుని ఏ భాషా సరిగ్గా మాట్లాడలేకపోతున్నాడు. కోచ్ మారిన ప్రతిసారీ డ్రాఫ్ట్‌లో తీసుకునే మనుషుల కొలతలు మారతాయి, పాత కోచ్ కోసం తెచ్చిన మాజీ స్మిత్ లాంటి ఫస్ట్ రౌండ్ కుర్రాడు చివరికి బేరంలో కొసరుగా వెళ్తాడు.

పంపితే పంపండి. ఈ ఏడాది అంకెలు చూసి ఉంచమని నేనూ అడగలేను. కానీ ఆయన్ని పంపే ప్రెస్ మీట్‌లో ఒక్క విషయం చెప్పండి: వచ్చే మూడేళ్లు ఈ టీమ్ ఏ రకం డిఫెన్స్ ఆడుతుంది? కోచ్ పేరు వద్దు, రకం చెప్పండి. అది ముందు తేల్చుకుని, దానికి తగిన కోచ్‌ని తెచ్చుకుని, అతనికి తగిన మనుషుల్ని తీసుకోవాలి. మీరు ఎప్పుడూ ఈ వరసని తలకిందులుగా చేస్తారు. ఓనరూ మీరే, జనరల్ మేనేజరూ మీరే కాబట్టి మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఆ భవనంలో లేరు. బయట పావుగంట దూరంలో ఉన్నవాడు అడుగుతున్నాడు.

రెండో మాట, కాంట్రాక్టులు. 2024లో డాక్‌కి మొదటి ఆట రోజు పొద్దున సంతకం పెట్టించారు, లాంబ్‌కి ఆగస్టు చివర్లో. ఆలస్యమైనకొద్దీ ధర పెరిగింది, పార్సన్స్ దగ్గరకొచ్చేసరికి మనిషే పోయాడు. మా కూరగాయల మార్కెట్‌లో కూడా సాయంత్రం దాకా ఆగితే ధర తగ్గేది వంకాయలకే, బంగారానికి కాదు. పికెన్స్ కాంట్రాక్టు ఈ సీజన్‌తో అయిపోతోంది. మార్చి దాకా ఆగకండి. అది ఆఫెన్స్ సంగతి, డిఫెన్స్ ఉత్తరంలో ఎందుకంటారా, అతని దగ్గర మీరు ఆలస్యానికి కట్టే అదనపు డబ్బు రేపు సేఫ్టీకి ఇవ్వాల్సిన డబ్బులోంచే పోతుంది.

వచ్చే ఏప్రిల్‌లో మీ చేతిలో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లుంటాయి, మనది ఒకటి, గ్రీన్ బేది ఒకటి. సెకండ్ రౌండ్‌ది జెట్స్‌కి ఇచ్చేశారు. ఆ రెండూ డిఫెన్స్‌కే, ఒకటి అంచున దూకేవాడికి, ఒకటి వెనక మధ్యలో నిలబడేవాడికి. మెరిసే రిసీవర్ ఎవరైనా కనపడితే కళ్లు మూసుకోండి. మీకది కష్టమని తెలుసు.

‘డూమ్స్‌డే డిఫెన్స్’ అని ఒకప్పుడు ఈ టీమ్‌కి పేరుండేది. 1972 జనవరిలో సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్లో) మయామికి ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వలేదు, ఆ తర్వాత ఆరేళ్లకి డెన్వర్ మీద గెలిచినప్పుడు ఆట ఉత్తముడి బహుమతి ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్లకి కలిపి ఇచ్చారు, హార్వీ మార్టిన్, ర్యాండీ వైట్. అప్పటికి మా నాన్నకే అమెరికా ఎక్కడుందో తెలియదు. ఇక్కడ నా పక్క సీట్లో పనిచేసే పెద్దాయన చెప్తుంటాడు ఇవన్నీ, అర్వింగ్‌లో పాత స్టేడియం కప్పుకి నడిమధ్య బొక్క ఉండేదని, తండ్రి భుజాల మీద కూర్చుని చూశానని. ఆయన కూడా ఇప్పుడు నాలుగో క్వార్టర్ రాగానే టీవీ కట్టేసి స్కోరు పొద్దున చూసుకుంటున్నాడట. యాభై ఏళ్ల అభిమానం అలా అయింది.

ఆదివారం రాత్రి మిన్నెసోటా వస్తోంది. మన విభాగంలో మనకంటే ముందున్న ఈగల్స్ వరసగా మూడు ఓడారు, మొన్న సోమవారం ఛార్జర్స్ చేతిలో మూడోది, కాబట్టి ప్లేఆఫ్ దారి ఇంకా మూసుకుపోలేదు. మా ఇంట్లో ఎనిమిది మంది వస్తామన్నారు, మిరపకాయ బజ్జీలకి పిండి కలపాలి.

ఇంకొక్కటి. మా అబ్బాయి 11 నంబర్ జెర్సీ పొట్టిదైపోయింది, ఎలాగూ మార్చాలి. ఈసారి కూడా డిఫెన్స్ ఆటగాడిదే కావాలంటున్నాడు, క్విన్నెన్ విలియమ్స్ 92. నూట ముప్పై డాలర్లు అండీ. అతని కాంట్రాక్టు 2027 దాకా ఉందని చూశాను. కొనమంటారా?

ఇట్లు,
ఫ్రిస్కో నుంచి మీ పొరుగువాడు